ఆమెన్ అనే మనిషి

మొన్న బుధవారం పొద్దున్నే కుళాయికి వెళ్ళిన అమ్మ ఖాళీ బిందెతో తిరిగి వచ్చింది. నీళ్ళు రాలేదేమో అనుకున్నాను. బిందె అరుగు మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, "నర్సమ్మ గారు వెళ్ళిపోయారే" అంది.

ఆ మాట చెవిన పడగానే నాకు భయం వేసింది. దుఃఖం తరవాత వచ్చింది, ఆవిడ గుమ్మంలో ఆవిడ చెప్పులు చూశాక. ముందు మాత్రం భయమే. ఎందుకంటే ఆవిడ నా దగ్గర ఒక మాట తీసుకుని ఉన్నారు. తాను పోయాక, పెట్టె మూసే ముందు, వచ్చిన జనం అందరి ఎదుటా నేను లేచి ఒక వాక్యం చెప్పాలి. ఒకటే వాక్యం. నలుగురిలో ఒక్క వాక్యమైనా చెప్పగలిగిన మనిషిని కాను నేను. ఆ సంగతి ఆవిడకి తెలిసినంతగా మా అమ్మకి కూడా తెలియదు.

మా వీధి గుణదలలో, కాలువకీ కొండకీ మధ్య ఉంటుంది. కొండ మీద మరియమాత తిరనాళ్ళకి వెళ్ళే జనం మా గుమ్మాల ముందు నుంచే నడుస్తారు. మేము ఆ కేథలిక్ గుడివాళ్ళం కాము, మిషన్ గుడివాళ్ళం. అయినా నాన్న నన్ను వాళ్ళ కాన్వెంటులోనే చదివించారు. నర్సమ్మ గారిది మా వరసలో మూడో ఇల్లు. హనుమాన్ జంక్షన్ అవతల ఒక ఆసుపత్రిలో పురుళ్ళ వార్డులో జీవితమంతా పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడికి వచ్చి ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నారు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పుట్టిల్లు ఆ ఆసుపత్రికి దగ్గరే కాబట్టి నన్ను భూమ్మీదకి తీసింది కూడా ఆవిడే. పుట్టగానే నేను ఏడవలేదట. పాదాలు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద చరిచినా ఏడవలేదట. ఊపిరి మాత్రం తీసుకున్నానట. అమ్మ గోలపెడుతుంటే, "ఊరుకోమ్మా, ఇది మాట్లాడే రకం కాదు, బతికే రకం" అన్నారట ఆవిడ. అమ్మ ఈ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. నేను లోపలి గదిలోకి వెళ్ళి పుస్తకం తెరుచుకుంటాను.

ఆవిడకి కొన్ని అలవాట్లు ఉండేవి. ఎవరింటికి వచ్చినా, తలుపు బార్లా తీసి ఉన్నా, రెండుసార్లు తట్టి ఆగేవారు. "లోపల ఎవరు ఏ అవస్థలో ఉన్నారో మనకేం తెలుసు" అనేవారు. కాఫీ కలిపే ముందు కూడా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు. నర్సులు పెట్టుకునే గడియారం, తలకిందులుగా వేలాడేది, చీర మీద ఎడమవైపు పిన్నుతో ఉండేది. ఏమైనా ఆలోచిస్తున్నప్పుడు తన మణికట్టు మీద తానే రెండు వేళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. గడియారం మాత్రం చూసేవారు కాదు.

ఉప్పెన వచ్చిన ఏడు ఆవిడ దివిసీమకు వెళ్ళారు. మిషన్‌వాళ్ళు మందులతో లారీ పంపుతుంటే, ఎవరూ అడగకుండానే వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నారట. తిరిగొచ్చేసరికి సగమయ్యారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా పెదనాన్న ఆవిడని సాక్ష్యం చెప్పమన్నారు. పెదనాన్న మా సంఘ పెద్ద. రైల్వేలో గార్డుగా పనిచేశారు. ఇంజను కూతని మించి మాట్లాడటం అలవాటైన గొంతు ఆయనది. "దేవుడు అక్కడ చేసిన గొప్ప కార్యాలు మా అందరికీ చెప్పండి నర్సమ్మ గారూ" అన్నారు.

ఆవిడ లేచి కొంగు నెత్తిన వేసుకుని నిలబడ్డారు.

"నేను చూసింది చెప్పలేను. దాని గురించి ప్రార్థన చెయ్యడానికి కూడా నాకు మాటలు లేవు. గురువారం సాయంత్రం నా ఇంట్లో ఊరికే కూర్చుంటాను. మీలో ఎవరైనా నాతో కూర్చుంటారా?"

గుడిలో ఎవరికీ అర్థం కాలేదు. పాపం, శవాలు చూసి మనసు చెదిరింది అన్నారు. మొదటి గురువారం ఒక్కరూ వెళ్ళలేదట. ఆవిడ ఒక్కరే చాప వేసుకుని కూర్చున్నారట.

నేను ఆ ఇంటికి చేరింది ఆ మరుసటి వేసవిలో. దానికి ముందు ఒక అవమానం జరిగింది.

మా సంఘంలో ప్రతి శుక్రవారం ఒకరింట్లో ప్రార్థన కూటం ఉంటుంది. పాటలయ్యాక ఒక్కొక్కరే లేచి పైకి ప్రార్థన చెయ్యాలి. గోడవార నుంచి వంతు వస్తూ ఉంటుంది. లేచినవాళ్ళ ప్రార్థన ముగిసేదాకా మిగతావాళ్ళు తల ఎత్తకూడదు, కన్ను తెరవకూడదు. మధ్యలో మాట్లాడటం మరీ తప్పు. మనిషికీ దేవుడికీ మధ్యలో దూరినట్టు. పసిపిల్లలు కూడా ఆ కట్టడి ఎరుగుదురు. నేను ఎన్నో ఏళ్ళు తలనొప్పి అనో పరీక్షలు అనో ఆ వంతు తప్పించుకున్నాను. ఆ రోజు కూటం మా ఇంట్లోనే. తప్పించుకోవడానికి చోటు లేదు. వంతు నా దాకా వచ్చింది. రెండు రోజులుగా బట్టీ పట్టిన వాక్యాలున్నాయి. లేచాను. నోరు తెరిచాను. దవడ బిగుసుకుపోయింది. ఏమీ రాలేదు.

అందరూ తలలు వంచుకుని ఎదురుచూస్తున్నారు. ఆ గది నిండా వంచిన తలలే. ఎవరూ నన్ను చూడటం లేదు, కానీ అందరూ నన్నే వింటున్నారు. అంతకన్నా భయంకరమైనది నాకు అప్పటికి తెలియదు. గొంతులోంచి గాలి వస్తోంది, మాట రావడం లేదు. ఇంక పడిపోతాననుకున్నాను.

అప్పుడు మూలనుంచి నిదానమైన గొంతు, "ఆమెన్" అంది. నర్సమ్మ గారు.

ఒకసారి ఆమెన్ అన్నాక అయిపోయినట్టే. అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కావిడ లేచి తన ప్రార్థన మొదలుపెట్టింది.

కూటం అయ్యాక పెదనాన్న పకోడీల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నవ్వారు. "మా తమ్ముడు ఇంత డబ్బు పోసి కాన్వెంటులో చదివించాడు. ఇంగ్లీషు ఇచ్చి నోరు ఉంచేసుకున్నారు వాళ్ళు."

అందరూ నవ్వారు. నర్సమ్మ గారు కూడా నవ్వారు. "బ్రదరు గారూ, ఈవేళ చేసిన ప్రార్థనలన్నిట్లో ఒక్క అనవసరపు మాట కూడా లేనిది ఆ పిల్లదే. మీరైతే మా వీధి కుళాయి సంగతి కూడా దేవుడికి చెప్పారు. ఆయనకి తెలియదా, నీళ్ళు రావట్లేదని?"

"చెబితే తప్పేంటండీ? మునిసిపాలిటీవాళ్ళు వినడం లేదుగా" అన్నారు పెదనాన్న. మళ్ళీ నవ్వులు.

వెళ్ళేటప్పుడు ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. నాడి చూస్తున్నారని కాసేపటికి గాని తెలియలేదు. "గురువారం రా. అక్కడ ఎవరూ నీ వంతు అడగరు" అన్నారు.

వెళ్ళాను. అప్పటికి గురువారాలు వచ్చేవాళ్ళు కొద్దిమందే. కాన్వెంటులో నాకు పాఠం చెప్పిన సిస్టరు ఒకరు, కాలువ అవతల కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడ, కొండపల్లి నుంచి బస్సులో వచ్చే ఇంకొకావిడ. ఆ కొండపల్లి ఆవిడ భర్త థర్మల్ స్టేషన్ కట్టే చోట పనిచేసేవాడు. రెండు గుడులవాళ్ళూ ఒక చాప మీద కూర్చోవడం మా వీధిలో అదే మొదలు. నర్సమ్మ గారు చీర మీది గడియారం తీసి పంచదార డబ్బాలో పెట్టి మూత పెట్టేవారు, టిక్కు టిక్కు వినపడకుండా. తరవాత తలుపు దగ్గరకి వెళ్ళి, మూయకుండా, ఓరగా తెరిచి వచ్చి కూర్చునేవారు. "వచ్చాం ప్రభువా, కూర్చుంటున్నాం" అనేవారు. అంతే. చివర్లో "ఆమెన్" అనేవారు. నిద్రపోతున్న పసిబిడ్డని తల్లికి అందించేటప్పుడు మాట్లాడతారే, అంత మెల్లగా. ఆ రెంటి మధ్య ఏ మాటా ఉండదు. ఆమెన్ తరవాత అందరికీ నిమ్మాకు వేసిన మజ్జిగ.

సుఖంగా ఉంటుందనుకుని వెళ్ళాను. మా ఇంట్లో మౌనమంటే ఎవరో అలిగారని అర్థం. కాన్వెంటులో మౌనమంటే పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడే శిక్ష. ఇది ఆ రెండూ కాదని తెలుసు. కానీ ఏమిటో తెలియలేదు. కళ్ళు మూసుకోగానే నీళ్ళ చప్పుడు వినపడేది. అది మా కాలువేనని తెలుసు. అయినా ఉప్పెన గాలికి మా ఇంటి పెంకులు లేచిపోయినప్పటి చప్పుడు దాని అడుగున వినపడేది. తరవాత నా గుండె చప్పుడు. దాని తరవాత ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేనిదే నాకు భయం. చిన్నప్పటినుంచి దేవుడు నిండుగా, పాటలతో, పెదనాన్న గొంతుతో ఉండేవాడు. ఇక్కడ తలుపు తీసి చూస్తే గదిలో ఎవరూ లేనట్టుండేది.

కొండపల్లి ఆవిడకి ఈ బాధ లేదు. కూర్చున్న కాసేపటికే నిద్రపోయేది. సన్నగా గురక పెట్టేది. కుట్టుమిషను ఆవిడ ఒకసారి మజ్జిగ తాగుతూ, "ఏవండీ, బస్సు టిక్కెట్టు కొనుక్కుని ఇంత దూరం వచ్చి పడుకోవాలా? మీ ఇంట్లో మంచం లేదా?" అంది.

"మంచం ఉంది. పడుకోనిచ్చేవాళ్ళేరి?" అంది కొండపల్లి ఆవిడ.

నర్సమ్మ గారు ఆవిడ గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోశారు. "ఆవిడ గురకే మన కీర్తన. ఆపకండి."

ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక గ్లాసులు కడుగుతూ అడిగాను. "నాకేమీ వినపడటం లేదు నర్సమ్మ గారూ."

"నాకూ వినపడదు."

"మరి ఎందుకండీ కూర్చోవడం?"

ఆవిడ కడిగిన గ్లాసులు ఒక్కొక్కటే బోర్లించారు. "పురిటి మనిషి పక్కన కూర్చున్నప్పుడు నాతో కబుర్లు చెబుతుందా? నొప్పికీ నొప్పికీ మధ్య కాసేపు ఊరుకుంటుంది. అప్పుడు మనం వాగామా, తిడుతుంది. పక్కన మనిషి ఉందని తెలిస్తే చాలు ఆవిడకి. ఇదీ అంతే."

"ఎవరు ఎవరి పక్కనండీ?"

"అదే నాకూ తేలలేదమ్మాయ్. ఒక్కోసారి ఆయన నా పక్కన. దివిసీమలో మాత్రం నేనే ఆయన పక్కన కూర్చున్నట్టుండేది. అక్కడ నోరు తెరిస్తే అబద్ధమే వచ్చేట్టుంది. అందుకని మూసుకున్నా. మూసుకున్నానని ఆయనేం లేచి పోలేదు."

దివిసీమ గురించి ఆవిడ నాతో అన్నది అంతే.

ఈ గురువారాల సంగతి పెదనాన్నకి నచ్చలేదు. ఆయనలో కల్మషం లేదు. నిజంగానే మా గురించి భయపడ్డారు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, కుర్చీ లాక్కుని, అమ్మనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టారు.

"దయ్యం వదిలిపోయిన ఇల్లు ఊడ్చి, సర్ది, ఖాళీగా ఉంచితే ఏమైంది? బైబిలు వాక్యంలో ఏముంది? అది తిరిగొచ్చి చూసి, తనకన్నా చెడ్డవాటిని ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది. మనసు కూడా ఇల్లే. స్తుతితో నింపాలి. ఖాళీ చేసి తలుపు తీసి కూర్చుంటే ఎవరు వస్తారో మీకేం తెలుసు?"

అమ్మ మొహం పాలిపోయింది. నాకైతే ఆ రోజంతా ఒళ్ళు చల్లబడిపోయింది. ఎందుకంటే నేను గురువారాలు చూసిన గది సరిగ్గా అలాగే ఉండేది: ఊడ్చి, సర్ది, ఖాళీగా. తలుపు కూడా ఓరగా తీసి. "ఇంక వెళ్ళకే" అంది అమ్మ. వెళ్ళకుండా ఉండలేకపోయాను. వెళ్ళడానికీ భయమే, మానడానికీ భయమే; ఏది పెద్దదో తేల్చుకోలేని స్థితి.

నర్సమ్మ గారి దగ్గర ఆ మాట ఎత్తడానికే చాలా రోజులు పట్టింది. చెప్పాక, ఆవిడ కోప్పడతారనుకున్నాను. మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుని ఆలోచించారు.

"మీ పెదనాన్న భయం తప్పు కాదు. ఖాళీ ఇల్లు ప్రమాదమే. కానీ ఖాళీ ఇల్లంటే మనిషి లేని ఇల్లు. మనం ఇంట్లోనే ఉన్నాంగా? ఇంటివాళ్ళం తలుపు తీసుకుని కూర్చున్నాం, చుట్టం కోసం."

"వేరే ఎవరైనా వస్తే?"

"ఎవరైనా ముందు తలుపు తట్టాలిగా. తట్టినప్పుడు చూద్దాం." నా వైపు తిరిగి, "భయమేస్తే భయంతోనే కూర్చో. దాన్ని చెప్పుల దగ్గర వదిలి రావాలనుకోకు. అదీ నీతోపాటే ప్రార్థనకి వచ్చింది" అన్నారు.

ఆ ఏడు వానలు పడే వేళకి ఆవిడకి కడుపులో జబ్బు బయటపడింది. పెద్ద డాక్టర్లు కోసి చూసి, మళ్ళీ కుట్టేశారు. వీధిలో కొందరు అనడం మొదలుపెట్టారు, ఆ ఖాళీగా కూర్చోవడం వల్లే ఏదో చేరిందని. నా ఎదుట కూడా అన్నారు. నాకు నోరు లేదు కదా, అనేవాళ్ళకి అడ్డు లేదు. నమ్మానని చెప్పను. కానీ ఆవిడ ఇంటికి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఒక్క క్షణం ఆగేదాన్ని. తలుపు రెండుసార్లు తట్టి, లోపలి నుంచి ఆవిడ గొంతు వచ్చాకే అడుగు పెట్టేదాన్ని.

గురువారాలు ఆగలేదు. చాపలు మేమే పరిచేవాళ్ళం. ఆవిడ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చునేవారు. తరవాత పడుకునే. గడియారం నేను డబ్బాలో పెట్టేదాన్ని. ఆమెన్ మాత్రం ఆవిడే అనేవారు. ఒకరోజు బాధ ఎక్కువై ఆ మాట అనడానికి చాలా సేపు పట్టింది. మేము కదలకుండా కూర్చున్నాం. ఎవరమూ ఆవిడ బదులు అనలేదు.

కిందటి నెలలో నన్ను ఒక్కదాన్నే పిలిపించారు. మొహం ఎముకల మీదకి వచ్చేసింది. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, ఎవరినో పరీక్ష చేస్తున్నట్టు.

"నేను పోయాక మీ పెదనాన్న వస్తాడు. మంచివాడు. ఇంజను కదిలించినట్టు మొదలెడతాడు. జనం ఏడుస్తారు. ఏడవనీ. పాడతారు. పాడనీ. పెట్టె మూసే ముందు మాత్రం కాసేపు నాతో ఊరికే కూర్చోవాలి అందరూ. మన గురువారంలా. నువ్వు లేచి, 'కాసేపు ఎవరూ మాట్లాడకండి' అని చెప్పాలి."

"నేనా? సిస్టరు గారికి చెప్పండి. ఆవిడ అలవాటుగా..."

"ఆవిడది వేరే గుడి. ఆవిడ చెబితే గొడవవుతుంది. నువ్వు సంఘపెద్ద ఇంటి పిల్లవి. నిన్నెవరు కాదంటారు?"

"నా నోరు పెగలదు నర్సమ్మ గారూ. మీకు తెలుసు."

"తెలుసు. నేనేగా తీసింది నిన్ను." నవ్వబోయి, నొప్పికి ఆగిపోయారు. "వణుకుతూనే చెప్పు. నాకేం అభ్యంతరం లేదు."

ఆవిడ తల కింద దిండు సర్దాను. అప్పుడు అడిగాను, అడగకూడదేమో అనుకుంటూనే. "మీకు భయంగా లేదా?"

ఆవిడ చెయ్యి చాపారు. "నాడి చూడు."

రెండు వేళ్ళు పెట్టాను. పిట్ట గుండెలా కొట్టుకుంటోంది.

"చూశావా, ఎలా పరిగెడుతోందో? ఇన్నాళ్ళు కూర్చున్నా, భయం పోలేదు. కాస్త పక్కకి జరిగి నాకు చోటిచ్చింది, అంతే." కళ్ళు మూసుకుని, "చెబుతావుగా?" అన్నారు.

"చెబుతానండీ" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకు తెలియదు.

బుధవారం మధ్యాహ్నానికి ఆ ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఆవిడ చెప్పులు గుమ్మం పక్కన గోడకి జేరవేసి ఉన్నాయి, కడిగి ఆరబెట్టినట్టు. లోపల బల్ల మీద మంచు దిమ్మలు పేర్చి, రంపపు పొట్టు చల్లి, దుప్పటి కప్పి, ఆవిడని పడుకోబెట్టారు. కరిగిన నీళ్ళు పడటానికి కింద ఒక సత్తు బేసిను పెట్టారు. ఆసుపత్రిలో ఆవిడతో పనిచేసినవాళ్ళు బస్సుల్లో వచ్చారు. ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళు తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. సిస్టరు, కుట్టుమిషను ఆవిడ, కొండపల్లి ఆవిడ వెనక గోడ దగ్గర నిలబడ్డారు. కొండపల్లి ఆవిడకి అసలు నిద్ర లేనట్టుంది.

పాటలు, ఏడుపులు, మళ్ళీ పాటలు. నాకు ఏ పాటా గుర్తు లేదు. "కాసేపు ఎవరూ మాట్లాడకండి." ఆ వాక్యమే లోపల చెప్పుకుంటున్నాను. చెప్పుకునేకొద్దీ మాటలు అరిగిపోయి, అర్థం లేని చప్పుడులా తయారయ్యాయి. లేవకపోతే ఏమవుతుంది? ఎవరికీ తెలియదు. ఆవిడకీ నాకూ మధ్య మాట అది. ఆవిడ అడగరు. ఆవిడ ఇంక ఎప్పుడూ అడగరన్నదే నన్ను వదల్లేదు.

వడ్రంగి పెట్టె తెచ్చి వాకిట్లో దించాడు. పెదనాన్న బల్ల తల దగ్గరకి వచ్చి నిలబడ్డారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెట్టెలో పెట్టే ముందు ఆఖరి ప్రార్థన. మామూలుగా ఆయన, "ఎవరైనా నడిపిస్తారా?" అని మర్యాదకి అడుగుతారు. ఎవరూ లేవరు. ఆయనే మొదలెడతారు.

"ఎవరైనా నడిపిస్తారా?" అన్నారు.

లేచాను.

ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోయారు. తరవాత ఆ మొహంలో ఒక సంతోషం వచ్చింది, ఇన్నాళ్ళకి ఈ పిల్లకి నోరొచ్చిందని. "మా తమ్ముడి కూతురు ప్రార్థన చేస్తుంది. అందరూ తలలు వంచండి" అన్నారు.

నేను ప్రార్థన చెయ్యడానికి లేవలేదు. ఒక మాట చెప్పడానికి లేచాను. అది చెబుదామని నోరు తెరిచాను. దవడ బిగుసుకుపోయింది. మా ఇంట్లో ఆ శుక్రవారం ఎలా జరిగిందో అచ్చం అలాగే. గాలి వస్తోంది, మాట రావడం లేదు. ఇల్లంతా, వాకిలంతా, వీధి దాకా వంచిన తలలు. ఆడవాళ్ళు కొంగులు నెత్తిన కప్పుకున్నారు. అందరూ నా మాట కోసం చూస్తున్నారు. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు మింగుకున్నారు, ఒకరి ప్రార్థన మీద ఏడవకూడదు కాబట్టి. చంటిపిల్ల ఏదో కూయబోతే తల్లి గుండెకి అదుముకుంది.

ఎవరూ మాట్లాడలేదు.

ఎంతసేపటికి అర్థమైందో చెప్పలేను. కాలువ నీళ్ళ చప్పుడు వినపడింది. వీధి చివర రిక్షా గంట వినపడింది. పంచదార డబ్బాలోంచి గడియారం కూడా వినపడిందేమో, లేక అది నా గుండేనేమో. తలుపు ఓరగా తీసే ఉంది. ఆవిడ అడిగింది ఇదే. నేను చెప్పలేకపోయిన ఆ వాక్యం ఇంటినిండా నెరవేరి ఉంది.

భయం తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఎందుకంటే ఇది ముగియాలంటే ఎవరో ఒకరు ఆమెన్ అనాలి. నాకు ఎప్పుడు మాట ఆగిపోయినా నా బదులు ఆమెన్ అనే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆవిడ మా మధ్యలోనే, దూది పెట్టిన ముక్కుతో, ఎవరినీ పరీక్ష చెయ్యని మొహంతో పడుకుని ఉన్నారు.

వణుకుతూ నిలబడ్డాను. అప్పుడు పెదనాన్న ఒక కన్ను తెరిచారు. అంత సేపు ఎవరూ ప్రార్థన మొదలుపెట్టకపోవడం ఆయన ఎరగరు. నన్ను చూశారు. నా తెరిచిన నోరు చూశారు. ఇంక ఆయన గొంతు లేస్తుందనుకున్నాను, గార్డు గొంతు. ఆయన చూపు నా మీదనుంచి దిగి బల్ల మీదికి వెళ్ళింది. అక్కడ చాలాసేపు ఉంది. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

తరవాత ఆ కన్ను మళ్ళీ మూసుకున్నారు.

మంచు కరిగి బేసినులో ఒక చుక్క పడింది. రెండోది పడేదాకా మేమందరం, ఆవిడతో కలిసి, కదలకుండా ఉన్నాం.